ఇండోరు గుంట నుండి వంటింటి యంత్రము వరకు

పశువుల కొట్టము ప్రక్కనున్న పెంటకుప్పను కెలికి చూచి, "ఇది ఇంకను పచ్చిది, పొలమునకు తోలరాదు" అని మన రైతు చెప్పును. కొన్ని నెలలు గడచి, అదే కుప్ప నల్లబడి, వేడి తగ్గి, చేతిలో పొడిపొడిగా రాలుచు, తొలకరి మట్టి వాసన వేయునప్పుడు "ఎరువు మాగినది" అనును. పచ్చిది, మాగినది అను ఈ రెండు మాటల నడుమ కుప్పలో ఏమి జరుగుచున్నదో తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులకు నూరేండ్లకు పైగా పట్టెను.

నేడు నగరములలోని కొన్ని వంటిండ్లలో బియ్యపు డబ్బా అంత విద్యుత్ యంత్రము ఒకటి కానవచ్చుచున్నది. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నము, టీ పిప్పి అందులో వేసి మీట నొక్కినచో, కొన్ని గంటలకు గోధుమవన్నె పొడి చేతికి వచ్చును. దానిని కంపోస్టు అని, ఎరువు అని పలువురు పిలుచుచున్నారు. రైతు కుప్పలో నెలల తరబడి జరుగు పని ఈ డబ్బాలో ఒక్క రాత్రిలో జరిగినదా? లేక అక్కడ జరిగినది వేరొక పనియా? ఈ ప్రశ్నకు సమాధానము యంత్రపు చరిత్రలోనే ఉన్నది. ఆ చరిత్ర పెక్కు దేశములు తిరిగినదైనను, దానిలో ముఖ్యమైన ఘట్టము మన దేశములోనే నడచినది.

లీబిగ్ వాదము

పందొమ్మిదవ శతాబ్ది ఆరంభములో ఐరోపా విద్వాంసులలో పెక్కుమంది, మొక్కలు మట్టిలోని నల్లని జీవపదార్థమును, అనగా హ్యూమస్‌ను, నేరుగా తిని పెరుగునని నమ్మిరి. 1840లో జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు యూస్టుస్ ఫాన్ లీబిగ్ వ్యవసాయ రసాయనముపై ప్రకటించిన గ్రంథములో ఈ నమ్మకమును ఖండించెను. మొక్క తన కర్బనమును గాలి నుండి తీసికొనును. మట్టి నుండి దానికి కావలసినవి పొటాషియము, భాస్వరము వంటి ఖనిజ లవణములు అని అతడు వాదించెను. ముఖ్యాంశములో ఈ వాదము నిజమే. 1909లో ఫ్రిట్జ్ హాబర్ గాలిలోని నత్రజనిని ఉదజనితో కలిపి అమ్మోనియా చేయు పద్ధతిని ప్రయోగశాలలో చూపెను. 1913లో జర్మనీలోని ఒప్పౌ వద్ద దానికి కర్మాగారము వెలసెను. ఎరువు సంచులలోనికి వచ్చెను. పెంటకుప్ప పాతకాలపు వస్తువుగా కనబడసాగెను.

అయితే మట్టి లవణముల గిడ్డంగి మాత్రమే కాదు. అది నీటిని పట్టి ఉంచవలెను, గాలిని లోనికి పోనీయవలెను, కోట్లకొలది సూక్ష్మజీవులను పోషింపవలెను. ఈ పనులు మాగిన జీవపదార్థము లేనిదే సాగవు. అమెరికా దేశపు మృత్తికా శాస్త్రజ్ఞుడు ఎఫ్. హెచ్. కింగ్ 1909లో చైనా, కొరియా, జపాను దేశములలో పర్యటించి, అక్కడి రైతులు వేలయేండ్లుగా ఒకే పొలమును సాగుచేయుచు సారము తగ్గకుండ ఎట్లు కాపాడుచున్నారో పరిశీలించెను. కాలువల ఒండ్రు, గడ్డి, పేడ, మానవ మలము, ఇవన్నియు అక్కడ తిరిగి పొలమునకే చేరుచుండెను. ఆయన వ్రాసిన గ్రంథము 1911లో వెలువడెను. ఆ గ్రంథమును శ్రద్ధగా చదివినవారిలో ఆల్బర్ట్ హోవర్డు ఒకరు.

ఇండోరులో జరిగిన పని

హోవర్డు ఇంగ్లండులోని ష్రాప్‌షైర్ ప్రాంతమున రైతు కుటుంబములో 1873లో జన్మించెను. 1905లో బీహారులోని పూసా వ్యవసాయ పరిశోధనా సంస్థకు వృక్షశాస్త్రజ్ఞుడుగా వచ్చెను. భార్య గాబ్రియేల్ కూడ శాస్త్రజ్ఞురాలే. ఇరువురును కలిసి గోధుమ రకములపై పనిచేసిరి. మన దేశపు రైతులను తన గురువులుగా భావించితినని హోవర్డు తరువాత చెప్పుకొనెను. 1924లో ఇండోరులో మొక్కల పరిశోధనాలయమొకటి స్థాపింపబడగా, ఆయన దానికి అధిపతి అయ్యెను. 1931 వరకు అక్కడనే ఉండెను.

ఇండోరు ప్రాంతము ప్రత్తి పండు నల్లరేగడి నేల. అక్కడ ఎరువునకు కొరత; పేడలో చాలభాగము పిడకలై పొయ్యిలోనికి పోవుచుండెను. ఇంకొకవైపు ప్రత్తికట్టె, కలుపు మొక్కలు, రాలిన ఆకులు వ్యర్థమగుచుండెను. ఈ వ్యర్థమును కొద్దిపాటి పేడతో ఎరువుగా మార్చుట ఎట్లు? హోవర్డు, ఆయన సహోద్యోగి, రసాయన శాస్త్రజ్ఞుడు యశ్వంత్ డి. వాడ్, ఈ ప్రశ్నను అనేక సంవత్సరములు పరిశోధించిరి. వారి గ్రంథము 1931లో వెలువడెను. దానిలో వివరించిన పద్ధతికే ఇండోరు పద్ధతి యని పేరు వచ్చెను.

ఆ పద్ధతి ఇట్టిది. సుమారు రెండడుగుల లోతు గల వెడల్పైన గుంట త్రవ్వుదురు. గట్టిగానుండు ప్రత్తికట్టెను ముందుగా బండ్లు తిరుగు బాటపై పరచి నలుగనిత్తురు. తరువాత గుంటలో చెత్త పొర, పేడ పొర, పశువుల మూత్రముతో తడిసిన కొట్టపు మట్టి, కొంచెము కట్టెల బూడిద వరుసగా పేర్చి నీరు చల్లుదురు. గుంటను త్రొక్కి గట్టిపరుపరాదు, గాలి ఆడవలెను. మొత్తము మూడుమారులు తిరుగవేయుదురు. మూడు నెలలలో ఎరువు సిద్ధమగును.

చూచుటకు ఇది మన పెంటగొయ్యికి దగ్గరి చుట్టమే. కాని హోవర్డు, వాడ్‌లు ప్రతి పొరకును కారణము చూపిరి. సూక్ష్మజీవి తన శరీరము కట్టుకొనుటకు కర్బనము, నత్రజని రెండును కావలెను. కర్బనమును అది శక్తి కొరకు కూడ మండించుకొనును గనుక, నత్రజని ఒక పాలు ఉన్నచో కర్బనము సుమారు ముప్పది పాళ్ళు ఉండుట మంచిది. ఎండుటాకులలోను, రంపపు పొట్టులోను కర్బనము మిక్కుటము. పేడలోను, మూత్రములోను, కూరగాయల తొక్కలలోను నత్రజని ఎక్కువ. రెండింటిని కలుపుటలోనే నేర్పు ఉన్నది. బూడిద పులుపును విరుచును. తడి తగినంత ఉండవలెను. మితిమీరినచో నీరు గాలి సందులను మూసివేయును. గాలి అందని కుప్ప క్రుళ్ళి కంపుకొట్టును. తిరుగవేయుట గాలి కొరకే.

కుప్పలోని కొలిమి

చక్కగా పేర్చిన కుప్పలో రెండు మూడు దినములలో చేయి పెట్టలేనంత వేడి పుట్టును. ఈ వేడి సూక్ష్మజీవులు పదార్థమును ఆమ్లజనితో కలిపి వాడుకొనునప్పుడు విడుదలయగును. మొదట సాధారణ ఉష్ణోగ్రతలో పెరుగు బాక్టీరియా చక్కెరలను, పిండిపదార్థములను తినును. ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటగనే అవి వెనుకబడి, వేడిని ఇష్టపడు జాతులు విజృంభించును. కుప్ప 55 నుండి 65 డిగ్రీల వరకు కాగును. రోగక్రిములు, కలుపు విత్తనములు చాలవరకు ఈ దశలోనే నశించును. సులభముగా కరగు ఆహారము తగ్గిన పిమ్మట కుప్ప చల్లబడును. అప్పుడు శిలీంధ్రములు, ఆక్టినోమైసిటీస్ అను దారపు పోగుల వంటి బాక్టీరియా, పీచు పదార్థములపై నెమ్మదిగా పనిచేయును. మట్టి వాసన ఈ ఆక్టినోమైసిటీస్ నుండి వచ్చునదే. మాగుట యనునది ఈ చివరి దశ.

ఈ జీవుల రాకపోకలను వివరముగా పరిశోధించినవారిలో అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయపు సెల్మన్ వాక్స్‌మన్ ముఖ్యుడు. 1936లో ఆయన హ్యూమస్‌పై గ్రంథము ప్రకటించెను. తరువాత కంపోస్టులోని జీవులు ఏ ఉష్ణోగ్రతలో ఎట్లు పనిచేయునో పరీక్షించెను. ఆయన ప్రయోగశాలలోనే మట్టిలోని ఆక్టినోమైసిటీస్ నుండి స్ట్రెప్టోమైసిన్ వెలువడెను. 1952లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. మన ఎల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనాధిపతిగా ఉన్న లెడర్లే ప్రయోగశాలలలో 1948 నాటికి సిద్ధమైన ఆరియోమైసిన్ కూడ ఈ కోవకు చెందిన జీవి నుండి వచ్చినదే. పెంటకుప్పలో పనిచేయు సేన ఎట్టిదో దీనినిబట్టి ఊహింపవచ్చును.

ఇచట ఒక చిన్న లెక్క వేసికొనవలెను. ముందు కథకు అది ఉపకరించును. ఒక మీటరు భుజము గల ఘనాకారపు కుప్పను తలచుకొనుడు. దాని ఘనపరిమాణము 1 ఘనమీటరు, ఉపరితలము 6 చదరపు మీటర్లు. 20 సెంటీమీటర్ల భుజము గల చిన్న కుప్పకు ఘనపరిమాణము 0.008 ఘనమీటరు, ఉపరితలము 0.24 చదరపు మీటరు. ఒక్కొక్క ఘనమీటరు పదార్థమునకు పెద్ద కుప్పలో 6 చదరపు మీటర్ల ఉపరితలముండగా, చిన్నదానిలో 30 ఉన్నది. వేడి పుట్టునది లోపలి పదార్థములో. పోవునది ఉపరితలము నుండి. కనుక చిన్న కుప్పలో పుట్టిన వేడి పుట్టినట్లే ఐదింతలు సులభముగా జారిపోవును. పెంటకుప్ప తనంతట తాను కాగుటకును, వంటింటి డబ్బా కాగలేకపోవుటకును కారణమిదే.

నగరములు, పెద్ద యంత్రములు

ఇండోరు పద్ధతి పల్లెకు తగినది. నగరమునకు స్థలము తక్కువ, చెత్త ఎక్కువ, తిరుగవేయుటకు కూలి ఎక్కువ. బెంగుళూరులోని భారత విజ్ఞాన సంస్థలో సి. ఎన్. ఆచార్య 1939 ప్రాంతమున మరియొక మార్గము చూపిరి. పట్టణపు చెత్తను, మలమును పొరలు పొరలుగా పేర్చి, పైన మట్టితో మూసి, కదపక వదలివేయుదురు. శ్రమ తక్కువ, అయితే కాలము ఆరు మాసముల నుండి ఎనిమిది మాసముల వరకు పట్టును. దీనికి బెంగుళూరు పద్ధతి యని పేరు. శ్రమ తగ్గించిన కొలది కాలము పెరిగెనని గమనింపుడు.

ఐరోపాలో ఇంకొక దారి తొక్కిరి. ఇటలీలో ఫ్లారెన్సు నగరవాసి జోవన్ని బెకారి 1920ల దశకములో మూసిన గదులలో చెత్తను పులియబెట్టి, తరువాత గాలి ద్వారములను తెరచు పద్ధతిని ప్రవేశపెట్టెను. డెన్మార్కులో పుట్టిన డానో పద్ధతిలో పెద్ద ఇనుప పీపా ఒకటి మెల్లమెల్లగా తిరుగుచుండును. ఒక చివర చెత్త వేయగా, అది దొర్లుచు, గాలి సోకుచు, కొద్ది దినములలో రెండవ చివరకు చేరును. ఇంతవరకు చూచినచో కాలము జయింపబడినట్లే తోచును. కాని పీపా నుండి వెలువడిన పదార్థమును తరువాత ఆరుబయట కుప్పలుగా పోసి వారముల తరబడి మాగనీయవలసి వచ్చెను. యంత్రము మొదటి దశను కుదించినది, చివరి దశను కుదింపలేకపోయినది.

రెండవ ప్రపంచ యుద్ధము తరువాత కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో హెరాల్డ్ గోటాస్ మున్నగువారు తేమ, గాలి, ముక్కల పరిమాణము, కర్బన నత్రజనుల పాళ్ళు ఎట్లుండిన కుప్ప త్వరపడునో కొలిచిరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1956లో గోటాస్ గ్రంథమును ప్రచురించెను. అన్నియు అనుకూలించినచో మొదటి దశ కొన్ని వారములలో ముగియును, గంటలలో ముగియదు.

వంటింటిలోనికి ప్రవేశము

వంటింటి వ్యర్థముపై విద్యుత్తును ప్రయోగించిన మొదటివారి ఉద్దేశము ఎరువు కాదు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రపు రసీన్ పట్టణమున జాన్ హామ్స్ అను భవనశిల్పి 1927లో, పాత్రలు కడుగు తొట్టి క్రింద అమర్చి వ్యర్థమును నలుగగొట్టి మురుగు కాలువలోనికి పంపు యంత్రమును నిర్మించెను. 1935లో దానికి పేటెంటు లభించెను. 1938లో ఆయన వ్యాపార సంస్థ స్థాపించెను. వ్యర్థము కంటికి కనబడకుండ పోయెను; అంతే.

ఎండబెట్టి పొడిచేయు యంత్రము ప్రాచుర్యము పొందినది జపానులో. ఆ దేశములో పురపాలక వ్యర్థములో అధికభాగమును కాల్చివేయుదురు. వంటింటి చెత్త నీటితో నిండియుండుట చేత మండదు. ఇండ్లు చిన్నవి గనుక నిలువయుంచిన వాసన వేయును. కావున 1990ల దశకము నుండి ఇంటిలోనే చెత్తను తగ్గించు యంత్రములు అక్కడ వ్యాపించెను; అనేక పురపాలక సంఘములు వాని కొనుగోలునకు ధనసహాయము చేసెను. అక్కడ వానికి నమగోమి షోరికి అని పేరు. నమగోమి అనగా పచ్చి చెత్త, షోరి అనగా శుద్ధిపరచుట, కి అనగా యంత్రము. ఈ పేరులో ఎరువు ప్రసక్తియే లేదు. కొన్ని యంత్రములు వేడిగాలితో ఎండబెట్టును. కొన్ని రంపపు పొట్టువంటి పదార్థములో సూక్ష్మజీవులను పెంచి, మర తిప్పుచు, దినదినము వేసిన వ్యర్థమును వానికి ఆహారముగా పెట్టును. రెండును ఒకే పేరుతో పిలువబడినను, జరుగు పని వేరు.

దక్షిణ కొరియాలో 2005 నుండి ఆహార వ్యర్థమును నేరుగా భూమిలో పూడ్చుట నిషేధింపబడెను. 2013 నుండి పారవేసిన పరిమాణమును బట్టి గృహస్థుల నుండి రుసుము వసూలు చేయు పద్ధతి దేశమంతట అమలులోనికి వచ్చెను. బరువు తగ్గిన రుసుము తగ్గును. నీరు పోయిన బరువు తగ్గును. కనుక అక్కడ ఎండబెట్టు యంత్రమునకు చక్కని ప్రయోజనమున్నది.

అమెరికా ఖండములో ఈ యంత్రములు 2000ల దశకము నుండి అమ్మకమునకు వచ్చెను. 2017లో వర్ల్‌పూల్ సంస్థ జీరా అను యంత్రమును ప్రదర్శించెను. 2021లో కెనడా నుండి లోమి వెలువడెను. తోటలు పెంచు గృహస్థులు గల ఆ దేశములలో చెత్త తగ్గుట కంటె మొక్కలకు బలము కలుగుట ఎక్కువ ఆకర్షణగా తోచెను. జపానులో చెత్తను తగ్గించునదిగా పుట్టిన పనికి, ఈ సంతలో కంపోస్టు అను పాత గౌరవనామము అంటుకొనెను.

ఒరుగులు క్రుళ్ళవు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. ఎండబెట్టి పొడిచేయు యంత్రములో ఏమి జరుగును? మన తల్లులు వేసవిలో వడియములు పెట్టుదురు. వంకాయ ముక్కలను, మామిడి ముక్కలను ఎండబెట్టి ఒరుగులు చేయుదురు. అవి ఏడాది పొడుగున క్రుళ్ళవు. ఏల? నీరు లేనిదే సూక్ష్మజీవి పనిచేయదు. అనగా ఎండబెట్టుట క్రుళ్ళుటను ఆపు ఉపాయము. కంపోస్టు చేయుటయో, క్రుళ్ళుటను సక్రమమైన దారిలో నడిపించు ఉపాయము. ఈ రెండును ఎదురెదురు దిక్కులకు పోవు పనులు. యంత్రము నుండి వచ్చిన పొడి నలిపిన ఒరుగుల వంటిది. అందులోని పిండి, మాంసకృత్తు, నూనె, ఉప్పు చాలవరకు అట్లే ఉన్నవి, పోయినది నీరు.

ఆ నీటిని పంపుటకు అగు ఖర్చును విద్యార్థులు సులభముగా గణింపవచ్చును. ఒక కిలోగ్రాము వ్యర్థములో 750 గ్రాముల నీరు కలదనుకొందము. 25 డిగ్రీల నుండి 100 డిగ్రీలకు కాచుటకు గ్రామునకు 75 కేలరీలు, ఆవిరి చేయుటకు 540 కేలరీలు, మొత్తము 615 కేలరీలు. 750 గ్రాములకు 4,61,250 కేలరీలు. ఒక యూనిట్ విద్యుత్తు సుమారు 8,60,000 కేలరీలకు సమానము. అనగా కిలోగ్రామునకు, ఏ నష్టమును లేనట్లు లెక్కించినను, సుమారు అర యూనిట్ కావలెను. వాస్తవములో డబ్బా గోడలగుండ పోవు వేడి, మర తిరుగుటకగు శక్తి దీనికి అదనము. మన దేశపు విద్యుత్తులో అధికభాగము బొగ్గు నుండి వచ్చుచున్నది. ఇండోరు గుంటలో వేడిని చెత్తయే సమకూర్చుకొనును. ఇచట గనిలోని బొగ్గు సమకూర్చుచున్నది.

ఈ పొడిని నేరుగా కుండీలో వేసి నీరు పోసినచో, ఆగిపోయిన క్రుళ్ళుట తిరిగి మొదలగును. రెండు మూడు దినములలో తెల్లని బూజు పట్టును, ఈగలు చేరును. సూక్ష్మజీవులు వేళ్ళ చెంతనున్న ఆమ్లజనిని వాడుకొనును. ఆమ్లములు, అమ్మోనియా వెలువడును. అన్నము, రొట్టె వంటి పిండిపదార్థములు ఎక్కువైనచో మట్టిలోని నత్రజనిని సైతము ఆ జీవులు లాగుకొనగా మొక్క పసుపుబారును. ఉప్పు సంగతి వేరుగా చెప్పవలెను. కిలోగ్రాము వ్యర్థములో 5 గ్రాముల ఉప్పు కలదనుకొన్నచో, అది వందకు అర పాలు మాత్రమే. నీరు పోయి 250 గ్రాములు మిగిలినప్పుడు అదే ఉప్పు వందకు రెండు పాళ్ళగును.

సూక్ష్మజీవులను పెంచు రెండవ రకపు యంత్రములో క్రుళ్ళు పని నిజముగానే మొదలగును. యంత్రము వానికి వెచ్చదనము, గాలి, కలియబెట్టుట సమకూర్చును. చిన్న కుప్పకు లేని వేడిని బయటి నుండి ఇచ్చుట సమంజసమే. అయినను దాని నుండి తీసిన పదార్థము డానో పీపా నుండి వచ్చినదాని వంటిదే; మట్టిలో కలిపి కొన్ని వారములు మాగనీయవలెను.

మన నగరముల మాట

ఇది తోటపనికి సంబంధించిన చిన్న విషయముగా తోచవచ్చును. మన నగరముల చెత్తలో తడి వ్యర్థమే పెద్ద పాలు. దానిని గుట్టలుగా పోసినచో లోపల గాలి అందక మీథేన్ పుట్టును. నూరేండ్ల కాలములో మీథేన్, అంతే బరువు గల బొగ్గుపులుసు గాలి కంటె సుమారు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కించును. 1996లో అల్మిత్రా పటేల్ సుప్రీం కోర్టులో వేసిన ప్రజాహిత వ్యాజ్యము ఫలితముగా 2000లో పట్టణ ఘనవ్యర్థముల నియమములు వచ్చెను. 2016 నాటి నియమములు తడి చెత్త, పొడి చెత్త ఇంటిలోనే వేరుచేయవలెనని విధించెను. దినమునకు నూరు కిలోగ్రాములకు మించి చెత్త వచ్చు పెద్ద సముదాయములు తడి చెత్తను వీలైనంతవరకు తమ ఆవరణలోనే మార్చవలెనని కూడ చెప్పెను. అప్పటి నుండి పెద్ద భవన సముదాయములలో పెద్ద యంత్రములకు గిరాకి పెరిగెను.

యంత్రము లేకయే ఈ పని సాగించిన ఊరు తెలుగు నేలపైననే ఉన్నది. 2000ల దశకములో, నాడు నల్లగొండ జిల్లాలో నుండిన సూర్యాపేట పురపాలక సంఘము, ఇంటింటి నుండి తడి చెత్తను వేరుగా సేకరించి ఎరువు చేసి దేశమంతట పేరు పొందెను. అక్కడ ఫలించినవి చెత్తను మొదటనే వేరుచేయు క్రమశిక్షణ, ఎరువు మాగుటకు వలసిన స్థలము, కాలము.

పొడిని ఎరువని నమ్మిన సముదాయము ఆ స్థలమును, ఆ కాలమును కేటాయించదు. పొడి తోటలో బూజుపట్టి కంపుకొట్టగా, తోటమాలి దానిని తిరిగి చెత్తబండిలోనే వేయును. విద్యుత్తు ఖర్చయినది, చెత్త చెత్తగానే మిగిలినది. పేరు తప్పుగా పెట్టుట వలన కలుగు నష్టమిది. పేరు సరిగా పెట్టుకొన్నచో యంత్రము కూడ ఉపయోగపడును. నాలుగవ వంతు బరువునకు తగ్గి, వాసన లేక, వారము నిలువయుండు పొడిని మిద్దెపై గల కుండకో, వీధి చివర తోటలోని గుంటకో సులభముగా మోయవచ్చును. అక్కడ ఎండుటాకులు, పాత ఎరువు, మట్టి కలిపి, తడిపి, అప్పుడప్పుడు తిరుగవేయుచు మాగనీయవలెను. మన ఎండలలో తొక్కలను చేటలో పరచినను ఆ మొదటి పని చాలవరకు జరుగునని వేరుగ చెప్పనక్కరలేదు.

తరగతిలో రెండు పరీక్షలు

ఏ పదార్థమైనను మాగినదా లేదా అని పాఠశాలలోనే తేల్చవచ్చును. మొదటిది వేడి పరీక్ష. వెడల్పు మూతి గల థర్మాస్ ఫ్లాస్కులు రెండు తీసికొనుడు. ఒకదానిలో మాగిన ఎరువును, రెండవదానిలో యంత్రపు పొడికి ఒక గుప్పెడు తోట మట్టి కలిపిన మిశ్రమమును, పిడికిట బిగించిన ఒకటి రెండు చుక్కలు కారునంత మాత్రము తడిపి నింపుడు. ఉష్ణమాపకములను గ్రుచ్చి, మూతిని దూదితో వదులుగా మూసి, నీడలో ఉంచి, వారము పదిదినములు ఉష్ణోగ్రత వ్రాయుడు. మాగిన ఎరువు గది కంటె పది డిగ్రీలకు మించి వేడెక్కదు. పచ్చిదానిలో ఇంకను ఆహారమున్నది గనుక సూక్ష్మజీవులు దానిని వేడెక్కించును. జర్మనీలో కంపోస్టు పరిపక్వతను నిర్ణయించుటకు వాడు పరీక్ష ఈ సూత్రముపైననే ఆధారపడినది.

రెండవది మొలక పరీక్ష. ఒక పాలు ఎరువును పది పాళ్ళ నీటిలో కలిపి వడకట్టుడు. మూడు పళ్ళెములలో దూదిపై ఇరువదేసి ముల్లంగి విత్తనములు పరచుడు. ఒకదానికి మంచినీరు, ఒకదానికి మాగిన ఎరువు నీరు, ఒకదానికి పొడి నీరు పోయుడు. నాలుగవ దినమున మొలచినవానిని లెక్కించి, వేళ్ళ పొడవులు కొలువుడు. సగటులను ప్రక్కప్రక్కన వ్రాసి చూచినచో, వేరునకు ఏది హితమో ఏది కాదో సంఖ్యలే చెప్పును.

విద్యార్థులు తమ తమ ఇండ్లనుండి, వీధి తోటలనుండి, తాతగారి పెంటకుప్పనుండి పిడికెడేసి తెచ్చి ఈ పరీక్షలు చేయవచ్చును. ఫలితములను పట్టికగా వ్రాసి పాఠశాల గోడపై అంటించుడు. సముదాయములో యంత్రము కొనవలెనా, గుంట త్రవ్వవలెనా, రెండును కావలెనా అని పెద్దలు చర్చించునప్పుడు ఆ పట్టిక అమ్మకపు ప్రకటన కంటె ఎక్కువ ఉపకరించును. హోవర్డు, వాడ్‌లు ఇండోరులో చేసిన పనియు ఇట్టిదే. రైతు చేతికి తెలిసిన పచ్చిమాగుళ్ళ భేదమును వారు కొలతలలోనికి తెచ్చిరి.